వుల్ఫ్ 359: సిరొంచ వైపు నుంచి చూడాలనుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాణహిత ఒడ్డున, గడ్చిరోలి జిల్లా చివర, ఇంట్లో తెలుగు బడిలో మరాఠీ నడిచే మన ఊళ్ళలో టెలిస్కోపు బయట పెడితే చాలు, పిల్లలూ పెద్దలూ చుట్టూ చేరతారు. శని వలయాలు, చంద్రుడి గుంటలు చూపించాక ఎవరో ఒకరు "మనకి అన్నిటికంటే దగ్గర తారలేవి, అవి చూపించు" అంటారు. వాటిలో ఒకటి వుల్ఫ్ 359. దీని గురించి వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను, కొన్నిటికి జవాబు పొడుగైంది, అక్కడ విషయం అంత ఉంది మరి.

అసలు ఏమిటీ వుల్ఫ్ 359?

సింహ రాశి వైపు కనిపించే ఒక ఎర్ర మరుగుజ్జు తార, అంటే సూర్యుడి కంటే బాగా చిన్నగా, చల్లగా, ఎర్రగా ఉండేది. మన నుంచి దూరం దాదాపు 7.9 కాంతి సంవత్సరాలు, అంటే సుమారు 74 లక్షల కోట్ల కిలోమీటర్లు. ఇంతకంటే దగ్గరగా ఉన్నవి చాలా తక్కువ: ఆల్ఫా సెంటారీ కుటుంబం, బార్నార్డ్ తార, ఆ తర్వాత పూర్తి తారలు అనిపించుకోలేని గోధుమ మరుగుజ్జులు కొన్ని, అంతే. ఈ రాత్రి మీరు చూసే దీని కాంతి బయలుదేరి ఎనిమిదేళ్ళు కావస్తోంది. ఎనిమిదో పుట్టినరోజు దగ్గరపడిన పిల్లకి చూపిస్తూ "నువ్వు పుట్టినప్పుడు బయలుదేరిన వెలుగు ఇదే" అని చెప్పొచ్చు, అది లెక్క ప్రకారం నిజం.

ఇది జ్వాలా తార కూడా. ఉన్నట్టుండి కొన్ని నిమిషాల పాటు వెలుగు పెరిగి మళ్ళీ తగ్గిపోతుంది. అందుకే మారే తారల జాబితాలో దీనికి సీఎన్ లియోనిస్ అని ఇంకో పేరు ఉంది.

ఇంత దగ్గర ఉండి కంటికి ఎందుకు కనబడదు?

వెలుగు లేదు కాబట్టి. కంటికి కనిపించే కాంతిలో లెక్కేస్తే సూర్యుడి వెలుగులో యాభై వేల వంతుకు అటూ ఇటూ ఉంటుంది. తార ఎంత వెలుగ్గా కనిపిస్తుందో చెప్పే అంకె మ్యాగ్నిట్యూడ్, అంకె పెరిగేకొద్దీ తార మసక. దీని మ్యాగ్నిట్యూడ్ 13.5. మంచి చీకట్లో మన కంటికి ఆరు దాకా ఆనుతుంది, అంటే కంటికి కనబడే చివరి తార కంటే ఇది వెయ్యి రెట్లు మసక.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునే సంగతి ఒకటుంది. మన పాలపుంతలో నాలుగు తారలుంటే దాదాపు మూడు ఇలాంటి ఎర్ర మరుగుజ్జులే, కానీ వాటిలో ఒక్కటి కూడా మామూలు కంటికి కనబడదు. వాటిలో అన్నిటికంటే ప్రకాశవంతంగా కనిపించే లకాయ్ 8760 కూడా 6.7 దగ్గరే ఆగిపోతుంది, దానికి బైనాక్యులర్ కావాలి. రాత్రి డాబా మీద పడుకుని లెక్కపెట్టే చుక్కలు దాదాపు అన్నీ పెద్దవి, దూరంవి. మామూలు తారలు, అంటే ఎక్కువ సంఖ్యలో ఉన్నవి, మనకి కనబడకుండా వాటి మధ్యనే ఉన్నాయి. ఆకాశం నిజంగా ఎలా ఉందో తెలియాలంటే ఇలాంటి తారనొకదాన్ని ఒక్కసారైనా చూడాలి.

ఇంకోటి. ఇది విడుదల చేసే శక్తిలో ఎక్కువ భాగం పరారుణంలో పోతుంది. పరారుణంలో కొలిస్తే దీని మ్యాగ్నిట్యూడ్ ఆరుకు దగ్గర. మన కళ్ళు ఆ కాంతిని చూడగలిగే రకం అయ్యుంటే సిరొంచ చీకట్లో ఇది లీలగా కనబడేదే.

ఎంత చిన్నది? సూర్యుడి చోట పెడితే ఎలా ఉంటుంది?

బరువు సూర్యుడిలో సుమారు తొమ్మిదో వంతు. అడ్డుకొలత సుమారు 2 లక్షల కిలోమీటర్లు, బృహస్పతికి ఒకటిన్నర రెట్లు కూడా లేదు. కానీ బరువులో బృహస్పతికి వంద రెట్ల పైనే. సూర్యుడి బరువులో 8 శాతం కంటే తక్కువైతే లోపల హైడ్రోజన్ మండడం నిలబడదు, ఇది ఆ గీతకు కాస్త పైన ఉంది. ఉపరితలం వేడి 2,750 కెల్విన్ ప్రాంతం, సూర్యుడికి 5,772.

సూర్యుడి చోట దీన్ని పెడితే పగలు అనేది ఉండదు. నిండు పున్నమి వెన్నెలకి ఏడెనిమిది రెట్ల వెలుగు, ఎర్రగా, అంతే. సముద్రాలు గడ్డకట్టుకుపోతాయి.

కానీ ఆయుష్షులో సూర్యుడు దీని ముందు నిలవడు. సూర్యుడిది మొత్తం 1,000 కోట్ల ఏళ్ళ బతుకు. ఇంత చిన్న తార లక్షల కోట్ల ఏళ్ళు మండుతుంది, విశ్వం వయసు ఇప్పటికి 1,380 కోట్ల ఏళ్ళే కాబట్టి పుట్టిన ఎర్ర మరుగుజ్జు ఒక్కటి కూడా ఇంకా ముసలితనంతో చనిపోలేదు. మన వుల్ఫ్ 359 అయితే వాటిలో పసిది, వయసు 100 కోట్ల ఏళ్ళ లోపే అంటున్నారు.

జ్వాలా తార అంటే ఏమిటి, ఆ జ్వాల ఎందుకొస్తుంది?

సూర్యుడి లోపల వేడి బయటికి వచ్చే దారి రెండు పొరల్లో ఉంటుంది. లోపలి పొరలో కాంతి రూపంలో మెల్లగా పాకుతుంది, పైపొరలో పదార్థమే పొర్లుతూ మోసుకొస్తుంది. సూర్యుడి బరువులో మూడో వంతు కంటే చిన్న తారల్లో ఈ రెండు పొరల తేడా లేదు, పొయ్యి మీద ఎసరు మరిగినట్టు నడిమధ్య నుంచి పైదాకా మొత్తం పొర్లుతూనే ఉంటుంది. ఆ పదార్థం విద్యుత్ ఆవేశం ఉన్నది, పైగా తార గిరగిరా తిరుగుతోంది (వుల్ఫ్ 359 తన చుట్టూ తాను తిరగడానికి సుమారు 2.7 రోజులు చాలు, సూర్యుడికి 25 రోజుల పైన పడుతుంది). పొర్లడం, తిరగడం కలిసి బలమైన అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. దీని ఉపరితలం మీద ఆ క్షేత్రం రెండు వేల గాస్ (అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది, మన భూమి మీద అర గాస్ అటూ ఇటూ.

ఈ అయస్కాంత రేఖలు ఉపరితలం మీద మెలికలు తిరిగి, బిగుసుకుని, ఒకచోట తెగి వేరే విధంగా అతుక్కుంటాయి. అప్పటిదాకా మెలికల్లో దాచుకున్న శక్తి ఒక్కసారిగా బయటపడుతుంది. ఎలక్ట్రాన్లు కిందికి దూసుకొచ్చి తార ఉపరితలంలో ఒక చిన్న మచ్చను 9,000, 10,000 కెల్విన్ దాకా వేడెక్కిస్తాయి. ఆ మచ్చ నీలం తెలుపు రంగులో వెలుగుతుంది, అందుకే జ్వాల నీలి కాంతిలో, అతినీలలోహితంలో, ఎక్స్ కిరణాల్లో చాలా గట్టిగా, ఎరుపులో అంతంతమాత్రంగా కనిపిస్తుంది. ఎక్కడం సెకన్లలో, ఒక్కోసారి ఒకటి రెండు నిమిషాల్లో. దిగడం మెల్లగా, నిమిషాల నుంచి గంటల దాకా.

సూర్యుడిలో కూడా జ్వాలలు వస్తాయి కదా, మరి సూర్యుడు మెరిసినట్టు ఎందుకు తెలియదు?

సూర్యుడు ముందే అంత వెలుగు. పెద్ద సౌర జ్వాల వచ్చినా మొత్తం కాంతిలో పెరుగుదల శాతంలో వందో వంతుకు అటూ ఇటూ ఉంటుంది, దాన్ని పరికరాలే పట్టాలి. అదే జ్వాల వుల్ఫ్ 359 లాంటి మసక తార మీద వస్తే కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పైగా ఇక్కడ అవి తరచుగా వస్తాయి. కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు 2017లో 80 రోజుల దాకా సింహ రాశి వైపు తిరిగి ఉన్నప్పుడు ఈ తార మీద చిన్నా పెద్దా కలిపి వందల జ్వాలలు నమోదయ్యాయి.

ఈ జాతి తారలు ఎంత దూకుడుగా ఉంటాయో చెప్పే ఉదాహరణలు వేరే తారల మీద ఉన్నాయి. తిమింగలం రాశిలోని యూవీ సెటీ 1952లో 20 సెకన్లలో 75 రెట్లు వెలిగింది. ఆల్ఫా సెంటారీ కుటుంబంలోని ప్రాక్సిమా సెంటారీ 2016 మార్చిలో దాదాపు 70 రెట్లు పెరిగి, కటిక చీకటి ఉన్న చోట కంటికి అందే అంచు దాకా కాసేపు వచ్చింది. అదే ప్రాక్సిమా 2019 మే 1న అతినీలలోహితంలో కొన్ని సెకన్లలో 14,000 రెట్లు పెరిగింది.

ఆ జ్వాలతో మనకేమైనా ప్రమాదమా? పంటకి, ఫోన్లకి, కడుపుతో ఉన్నవాళ్ళకి?

ఏమీ లేదు. గ్రహణం రోజు ఇంట్లో కూర్చోబెట్టే అలవాటు ఉన్న ఊళ్ళు కాబట్టి ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది, అడగడం మంచిదే. 74 లక్షల కోట్ల కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చే ఆ కాంతిని పట్టుకోవడానికే మనం పెద్ద అద్దం పెట్టి తంటాలు పడుతున్నాం, అది ఒంటికి తగిలి చేసేదేమీ ఉండదు. మనకి తగిలే జ్వాలలు సూర్యుడివి మాత్రమే. 1989 మార్చిలో సూర్యుడి నుంచి వచ్చిన తుఫానుతో కెనడాలోని క్యుబెక్‌లో కరెంటు గంటల తరబడి పోయింది. గర్భిణులు నిశ్చింతగా వచ్చి చూడొచ్చు, కూర్చోవడానికి కుర్చీ వేయండి, చాలు.

పేరులో వుల్ఫ్ ఎవరు?

మాక్స్ వుల్ఫ్, జర్మనీలోని హైడెల్‌బర్గ్ ఖగోళ శాస్త్రవేత్త. ఆకాశాన్ని ఫొటో పలకల మీద తీసి, ఏళ్ళ తేడాతో తీసినవాటిని పక్కపక్కన పెట్టి, చోటు మారిన చుక్కల్ని వెతికే పనిని పద్ధతిగా చేసినవాడు. 1919లో అలా కదిలే 1,053 తారల జాబితా వేశాడు, అందులో 359వది ఇది. ఆ తర్వాత చాలా ఏళ్ళు మనకు తెలిసిన తారల్లో అన్నిటికంటే మసకది ఇదే, 1944లో వాన్ బీస్‌బ్రూక్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఇంకా మసక తారను పట్టుకునే దాకా.

ఆకాశంలో ఎక్కడుంది? మఖ, పుబ్బ తెలిసినవాళ్ళకి చెప్పండి.

మఖ తెలిస్తే సగం పని అయిపోయినట్టే. సింహం గుండె దగ్గర తెల్లగా మెరిసేది మఖ. వెనక భాగంలో త్రిభుజం ఉంటుంది కదా, దానిలో మఖ వైపు ఉన్న రెండు చుక్కలూ పుబ్బ, తోక చివరిది ఉత్తర. మఖ నుంచి తూర్పుకి, కాస్త దక్షిణంగా, చెయ్యి చాచి పట్టిన పిడికిలి ఒకటింపావు వెడల్పు జరగండి. త్రిభుజానికి కింద, పెద్ద చుక్కలేవీ లేని ఖాళీ చోటు అది.

సూర్యచంద్రులు నడిచే దారి సరిగ్గా దీని మీదుగానే పోతుంది. పుబ్బ కార్తెలో, సెప్టెంబరు 5 ప్రాంతంలో, సూర్యుడు దాని ముందు నుంచే వెళ్తాడు. అంటే ఆ రోజుల్లో చూడడం కుదరదు, ఆరు నెలలు అటు జరిపితే మార్చి మొదట్లో రాత్రంతా ఆకాశంలోనే ఉంటుంది.

ఏ నెలలో, ఏ రాత్రి మంచిది?

నా లెక్కలో ఏడాదికి రెండు మంచి అవకాశాలు. ఒకటి మహాశివరాత్రి. ఆ రాత్రి చంద్రుడు తెల్లవారుజామున సన్నగా వచ్చేదాకా ఉండడు, సింహ రాశి అర్ధరాత్రికి అటూ ఇటూ నడినెత్తికి చేరుతుంది, ఎలాగూ చాలామంది జాగరణలో ఉంటారు. నది దాటి కాళేశ్వరం వెళ్ళేవాళ్ళు వెళ్తారు, ఊళ్ళో ఉండిపోయినవాళ్ళు డాబా ఎక్కొచ్చు. రెండోది ఉగాది ముందు వెనక రోజులు. మరాఠీ ఇళ్ళలో అదే రోజు గుఢీ పాడ్వా. అమావాస్య తర్వాతి రోజు కాబట్టి చీకటి గ్యారంటీ, ఉగాది ఏ తేదీన పడిందో దాన్నిబట్టి తార రాత్రి తొమ్మిదిన్నర, పదకొండున్నర మధ్య బాగా పైకొస్తుంది, పిల్లలు అప్పటిదాకా మేలుకోగలరు.

ఈ రెండిటి మధ్యలో వచ్చే హోలీని వదిలేయండి. ఫాల్గుణ పున్నమి చంద్రుడు వచ్చి కూర్చునేది ఈ తార పక్కనే.

వాతావరణం సంగతి కూడా చూసుకోవాలి. జనవరిలో నది పక్కన పొగమంచు పడుతుంది. మార్చి సగం దాటాక ఇప్పపూలు ఏరడానికి చెట్ల కింద ఆకులు కాలుస్తారు, ఆ తర్వాత తునికాకు కాలం, అడవి వైపు పొగ పరుచుకుంటుంది. ఆ పొగ ఒక్కోసారి ఒక మ్యాగ్నిట్యూడ్ తినేస్తుంది, మన తార లాంటి మసకదానికి ఆ ఒక్కటే చాలు మాయమవడానికి. పొద్దున నీలంగా, దూరపు చెట్ల అంచులు గీసినట్టు స్పష్టంగా కనిపిస్తే ఆ రాత్రికి సిద్ధం కండి, మసకగా ఉంటే నిద్రపోండి.

ఏ టెలిస్కోపు కావాలి? ఎంత పెద్దది?

కంటితో చూడాలంటే 8 అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ (నేల మీద పెట్టి చేత్తో తిప్పే అద్దం టెలిస్కోపు) కనీసం, అదీ మన ఊరి చివరి చీకట్లో, 10 అంగుళాలైతే నిశ్చింత. నాగపూర్, హైదరాబాద్ లాంటి నగరాల్లో 10 అంగుళాలున్నా కష్టపడాలి, ఇక్కడ మనకి ఆ బాధ లేదు, ఇది నిజంగా మన తాలూకాకి ఉన్న ఆస్తి అని నేను గట్టిగా నమ్ముతాను.

ఫొటో తీసేవాళ్ళకి ఇంత అద్దం అక్కర్లేదు. ఈ మధ్య వచ్చిన చిన్న స్మార్ట్ టెలిస్కోపులు, 50 మిల్లీమీటర్ల కటకం ఉన్నవి, పది పన్నెండు నిమిషాలు కలిపి తీస్తే 13.5 సునాయాసంగా పడుతుంది. కంటితో చూడడం వేరే అనుభూతి, కానీ డబ్బు తక్కువున్న బడి ఫొటో దారి పట్టడమే తెలివైన పని.

గురి పెట్టడం ఎలా? వెతికి వెతికి విసుగొస్తోంది.

56 లియోనిస్ అనే తార మీద మొదలుపెట్టండి. మ్యాగ్నిట్యూడ్ ఆరుకు దగ్గర, ఫైండర్‌లో (గురి చూసుకోవడానికి టెలిస్కోపు పక్కన ఉండే చిన్న గొట్టం) ఎర్రటి చుక్కగా వెంటనే తెలుస్తుంది. దానికి తూర్పుగా రెండు డిగ్రీలకు మించిన దూరంలో ఖై లియోనిస్ ఉంటుంది, అది కంటికే కనబడుతుంది, దాని నుంచి రావడం తేలిక. 56 లియోనిస్‌ను మధ్యకి తెచ్చుకుని ఉత్తరంగా, చంద్రబింబం ఒకటిన్నర వెడల్పుకి కాస్త ఎక్కువ, తూర్పుకి చాలా కొద్దిగా జరిపితే వుల్ఫ్ 359 ఉన్న చోటు వస్తుంది.

ఈ రెండిటినీ ఒకే రాత్రి చూడడంలో గొప్ప పాఠం ఉంది. రెండూ ఎర్రవే, రెండూ చల్లని ఉపరితలం ఉన్నవే. 56 లియోనిస్ ఉబ్బిపోయిన ఎర్ర రాక్షస తార, దాదాపు 390 కాంతి సంవత్సరాల దూరంలో ఉండి కూడా కంటి అంచుకి అందుతుంది. దాని పక్కన యాభయ్యో వంతు దూరంలో ఉన్నది మాత్రం పెద్ద అద్దం ఉంటే గానీ కనబడదు.

ఒక జాగ్రత్త. చాలా పటాల్లో 2000 సంవత్సరం నాటి చోటు ఉంటుంది. ఈ తార ఏడాదికి 4.7 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో అరవయ్యో వంతు ఆర్క్ నిమిషం, అందులో అరవయ్యో వంతు ఆర్క్ సెకను) నైరుతి వైపు జరుగుతోంది, కాబట్టి ఇప్పటికి పటంలోని గుర్తు నుంచి రెండు ఆర్క్ నిమిషాలు తప్పుకుంది. ఎక్కువ మాగ్నిఫికేషన్‌తో పాత గుర్తు దగ్గరే వెతికితే వేరే చుక్కని చూసి ఇదే అనుకునే ప్రమాదం ఉంది. యాప్‌లో స్వీయ చలనం, అంటే తార ఇలా జరిగే కదలిక, లెక్కలోకి తీసుకునే సెట్టింగ్ ఉందేమో చూడండి. ఇంకో మాట, తార సరిగ్గా నడినెత్తి దగ్గరున్నప్పుడు డాబ్సోనియన్ తిప్పడం నరకం, గంట ముందో గంట తర్వాతో పెట్టుకోండి.

జ్వాలని నిజంగా పట్టుకోవచ్చా? ఎంత సేపు చూడాలి?

పట్టుకోవచ్చు, ఓపిక కావాలి. ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకం) కన్ను పెట్టి కూర్చుంటే చాలా రాత్రులు ఏమీ జరిగినట్టు తెలియదు, ఎందుకంటే కంటికి తెలిసే రంగుల్లో చిన్న జ్వాలల పెరుగుదల చాలా తక్కువ. కెమెరాతో పని చేయండి. అర నిమిషానికో ఫొటో చొప్పున రెండు మూడు గంటలు వరసగా తీసి, అదే ఫ్రేములో ఉన్న మారని తారలు రెండు మూడిటితో పోల్చి వెలుగు గీత గీయాలి. వీలైతే నీలం ఫిల్టరు వాడండి, వెలుగు తగ్గుతుంది కానీ జ్వాల బాగా బయటపడుతుంది.

గీతలో జ్వాల ఎలా ఉంటుందో గుర్తుపెట్టుకోండి: నిట్టనిలువుగా ఎక్కుతుంది, వంపు తిరుగుతూ మెల్లగా దిగుతుంది. ఒక్క ఫొటోలో మాత్రమే వెలుగు పెరిగి తర్వాతి దానిలో మామూలుగా ఉంటే అది ఉపగ్రహమో, కెమెరా చిప్‌కి తగిలిన కాస్మిక్ కిరణమో అయ్యుండొచ్చు, అలాంటిదాన్ని లెక్కలో వేయకండి. గంటల తరబడి మెల్లగా పెరిగినా తగ్గినా అదీ జ్వాల కాదు. తార కిందికి దిగేకొద్దీ గాలి మందం పెరుగుతుంది, గాలి ఎర్ర తారల కాంతినీ నీలి తారల కాంతినీ ఒకేలా తగ్గించదు, అందుకే పోల్చే తారలు కూడా వీలైనంత ఎర్రటివి ఎంచుకోవాలి.

సమయం సరిగ్గా రాసుకోండి, ఫోన్ గడియారం నెట్‌తో కలిసి ఉందో లేదో చూసుకుని, మన టైములోంచి అయిదున్నర గంటలు తీసేసి అంతర్జాతీయ సమయంలో రాయాలి. పోల్చడానికి పటాలు కావాలంటే అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్ అనే సంస్థ దగ్గర సీఎన్ లియోనిస్ పేరుతో దొరుకుతాయి, ఉచితం. 1911 నుంచి ఔత్సాహికుల కొలతలు కూడబెడుతున్న సంస్థ అది, మీ కొలతలు కూడా అక్కడికే పంపొచ్చు. ఏమీ జరగని రాత్రి కొలత కూడా పనికొస్తుంది, ఎన్ని గంటలు చూస్తే ఎన్ని జ్వాలలు అని తేల్చాలంటే ఖాళీ గంటలు కూడా లెక్కలో ఉండాలి కదా.

రాత్రి ఎక్కడ పెట్టుకోవాలి?

అడవిలోకి వెళ్ళకండి. మన జిల్లాలో పులులున్నాయి, ఎలుగుబంట్లున్నాయి, మరీ చీకటి కోసం అక్కడిదాకా పోవాల్సిన అవసరమే లేదు. ఊరి అంచున డాబా, పొలం గట్టు, బడి మైదానం చాలు. వీధి దీపం నేరుగా కంట్లో పడకుండా గోడ చాటు చూసుకోండి. ఒంటరిగా వద్దు.

ముందు రోజే పోలీస్ పాటిల్‌కి, పక్కింటివాళ్ళకి చెప్పండి. చీకట్లో ఆకాశం వైపు ఎత్తిపెట్టిన పొడుగాటి గొట్టం, ఎర్ర లైట్లతో తిరిగే నలుగురు మనుషులు, ఇది తెలియనివాళ్ళకి టెన్షన్ పెట్టే దృశ్యం, మన ప్రాంతంలో రాత్రి గస్తీ తిరిగేవాళ్ళకి మరీను. గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. గస్తీవాళ్ళు వస్తే లోపలికి పిలిచి చూపించండి, చంద్రుడో బృహస్పతో అందుబాటులో ఉంటే ముందు అవి.

ప్రాక్సిమా అయితే ఇంకా దగ్గర కదా, అది ఎందుకు చూపించరు?

అది మన అక్షాంశంలో దక్షిణ దిక్కున ఎనిమిది డిగ్రీల ఎత్తుకి మించి ఎక్కదు. అంత కిందుగా దుమ్ము, పొగ, నది మీది తేమ, అవతలి ఊళ్ళ లైట్లు అన్నీ అడ్డమే. వుల్ఫ్ 359 ప్రాక్సిమా కంటే మసకదైనా 78 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. నేను దీన్నే ఎంచుకుంటాను.

దీని చుట్టూ గ్రహాలున్నాయా? మనుషులు బతకొచ్చా?

2019లో రెండు గ్రహాలు ఉండొచ్చని ఒక బృందం చెప్పింది. వాటిలో 2.7 రోజులకి ఒకసారి చుట్టు తిరుగుతుందనుకున్నది గ్రహం కాదని తర్వాత తేలింది, ఆ 2.7 రోజులు తార తన చుట్టూ తాను తిరిగే కాలమే. రెండోది, చుట్టు తిరగడానికి ఎనిమిదేళ్ళు పట్టేది, ఇంకా నిర్ధారణ కాలేదు.

నీళ్ళు నీళ్ళుగా ఉండాలంటే ఏ గ్రహమైనా ఈ తారకి 50 లక్షల కిలోమీటర్ల లోపే తిరగాలి. సూర్యుడికి బుధుడు 5.8 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అంత దగ్గరైతే గ్రహం ఒక ముఖం మాత్రమే తార వైపు పెట్టి ఉండిపోయే అవకాశం ఎక్కువ, ఒక పక్క ఎప్పుడూ పగలు, ఇంకో పక్క ఎప్పుడూ రాత్రి. దానికి తోడు ఈ జ్వాలలు. గాలి పొర నిలుస్తుందా, ఊడ్చుకుపోతుందా అన్నదే ఎర్ర మరుగుజ్జుల గురించి ఇప్పుడు నడుస్తున్న పెద్ద చర్చ. అక్కడ జీవం ఉందని ఎవరైనా ఖాయంగా చెప్తే నమ్మకండి.

అక్కడ ఎవరైనా ఉంటే వాళ్ళకి మనం కనిపిస్తామా?

ఈ ప్రశ్న ఒక అమ్మాయి అడిగింది, నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. సూర్యుడు పుబ్బ కార్తెలో ఆ తార ముందు నుంచి పోతాడని పైన చెప్పాను కదా, దాన్ని తిరగేసి చూడండి. అక్కడి నుంచి చూస్తే మన భూమి ఏడాదికోసారి సూర్యుడి ముఖం మీదుగా దాటుతుంది, సూర్యుడి వెలుగు కొన్ని గంటల పాటు పది వేలలో ఒక వంతు కంటే కూడా తక్కువ తగ్గుతుంది. మనం వేరే తారల చుట్టూ గ్రహాల్ని ఇలాగే కనిపెడుతున్నాం. ఇంత దగ్గరగా ఉండి ఈ అదృష్టం ఉన్న తారలు చాలా కొద్ది. ఆ కారణంతోనే ఖగోళ శాస్త్రవేత్త మైకేల్ గిల్లోన్ బృందం, అక్కడి నుంచి మన సౌర కుటుంబంలోకి ఎవరైనా పరికరం పంపి సందేశాలు అందుకుంటున్నారేమో అని టెలిస్కోపులతో వెతికి 2022లో ఫలితాలు చెప్పింది. ఏమీ దొరకలేదు.

జాతకంలో దీని ప్రభావం ఎంత?

పంచాంగంలో ఇది లేదు. ఇరవై ఏడు నక్షత్రాలనూ కంటికి కనిపించేవాటి ఆధారంగానే గుర్తించారు, ఇది ఉందని మనుషులకి తెలిసిందే 1919 ప్రాంతంలో.

అక్కడికి వెళ్ళాలంటే?

సౌర కుటుంబం దాటి పోతున్న నాసా నౌక వాయేజర్ 1 వేగంతో అయితే సుమారు లక్షా నలభై వేల ఏళ్ళు. అదీ కాక ఈ తార మన నుంచి సెకనుకి 19 కిలోమీటర్ల చొప్పున దూరం జరుగుతోంది, వాయేజర్ వేగం సెకనుకి 17, కాబట్టి వెనకపడి పోవడమే, అందుకోవడం ఉండదు.

బడి పిల్లలతో దీని మీద ఏమైనా చేయించొచ్చా?

తప్పకుండా. ఏటా ఉగాది రోజుల్లో ఒకే పరికరంతో ఒక ఫొటో తీయించండి. 1,200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోపు, మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ అయితే ఏడాదిలో తార ఏడు పిక్సెళ్ళ దాకా జరుగుతుంది, చిన్న స్మార్ట్ టెలిస్కోపులో రెండు పిక్సెళ్ళు. కంప్యూటర్‌లో రెండు ఫొటోలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి మార్చిమార్చి చూపిస్తే అన్ని చుక్కలూ నిలబడి ఉంటాయి, ఒక్కటి మాత్రం గెంతుతుంది. మాక్స్ వుల్ఫ్ చేసింది ఇదే పని. ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టిన పిల్ల పదో తరగతికి వచ్చేసరికి తన సొంత కొలతతో తార వేగం లెక్క కట్టగలదు.

రెండోది, టెలిస్కోపు లేకపోయినా చేయగలిగేది. 2020 ఏప్రిల్ 22, 23 తేదీల్లో నాసా పంపిన న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక దాదాపు 700 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి వుల్ఫ్ 359ని ఫొటో తీసింది, అదే సమయంలో భూమి మీది నుంచి కూడా తీశారు. రెండు బొమ్మల్లో తార వేర్వేరు చోట్ల ఉంటుంది. బొటనవేలిని ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూసినప్పుడు జరిగినట్టు కనబడే లెక్కే ఇది. నాసా ఆ బొమ్మలు అందరికీ ఇచ్చింది. ప్రింట్ తీసి, స్కేలుతో తార ఎంత జరిగిందో కొలిపించండి, రెండు కెమెరాల మధ్య దూరం పిల్లలకి చెప్పండి, కోణం ఎలా వస్తుందో చెప్పండి, 7.9 కాంతి సంవత్సరాలు వాళ్ళ నోట్‌బుక్‌లోనే దగ్గర దగ్గరగా వస్తుంది. దూరం ఇంత అని ముందే చెప్పకండి, కొలిచాక చెప్పండి.